ఇంట్లో ప్యాకెట్ తిండి తగ్గించుకోవడం ఎలా: మేకుకి తగిలించిన సంచితో మొదలుపెట్టి ఎనిమిది వారాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగువాళ్ళ నుంచి ఈమధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు. "ప్యాకెట్ తిండి మంచిది కాదని మాకూ తెలుసు. ఇంట్లో మానిపించడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి." మంచిది కాదని చెప్పేవాళ్ళకి కొదవలేదు కాబట్టి ఆ పాట మళ్ళీ పాడను. మా ఇంట్లో ఏ వరసలో చేస్తే కుదిరింది, ఎక్కడ బోల్తా పడ్డాం అన్నదే రాస్తున్నాను.

ఎందుకు అన్నదానికి మాత్రం ఒక్క ముక్క. 2019లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని దగ్గరుంచుకుని, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. ముందు పెట్టిన పళ్ళెంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సమానమే. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో మనిషికి దాదాపు 500 కేలరీలు ఎక్కువ లోపలికి వెళ్ళాయి, రెండు వారాల్లో సుమారు ఒక కిలో బరువు పెరిగారు. మెత్తగా ఉంటుంది, నమలక్కర్లేదు, కడుపు నిండిందని తెలిసేలోపే ప్యాకెట్ ఖాళీ. షుగర్, బీపీ, గుండెజబ్బులతో దీనికి సంబంధం ఉందని పెద్ద పెద్ద జనాభా పరిశీలనలూ చూపిస్తున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా వీటిని బాగా తగ్గించమనే ఉంది.

1. ముందు ఏది ఈ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

కవర్లో ఉన్నదల్లా చెడ్డది కాదు. ఇక్కడే చాలామంది తికమకపడి, రెండో రోజుకే విసుగొచ్చి వదిలేస్తారు.

బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంతేరో బృందం ఆహారాన్ని నాలుగు వర్గాలు చేసింది. దాన్ని మన వంటింటికి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది.

- మొదటిది: బియ్యం, చోళ్ళు (రాగులు), పప్పులు, ఉలవలు, కూరగాయలు, గుడ్లు, చేపలు, పాలప్యాకెట్, అటుకులు. కవర్లో వచ్చినా ఇవి ఇక్కడే.
- రెండోది: నూనె, ఉప్పు, బెల్లం, పంచదార, నెయ్యి. వంటలో వేసుకునేవి.
- మూడోది: మొదటిదానికి రెండోది కలిపి చేసినవి. ఊరగాయ, అప్పడం, పన్నీరు, ఉప్పుచేప.
- నాలుగోది: మన వంటింట్లో దొరకని సరుకులతో ఫ్యాక్టరీలో తయారైనవి. కూల్‌డ్రింకులు, క్రీం బిస్కెట్లు, రెండు నిమిషాల నూడుల్స్, కొట్టు ముందు దండల్లా వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్లు, పాలలో కలిపే రంగు పొడులు, సూప్ పొడులు. మన పని వీటితోనే.

గుప్‌చుప్ (పానీపూరీ) బండి, బరా-ఘుగుని (గారెలు, బఠాణీ కూర) బండి ఎందులోకి వస్తాయని చాలామంది అడిగారు. అవి నాలుగో వర్గం కావు. అలాగని రోజూ తినమని కాదు. నీళ్ళ శుభ్రం, మళ్ళీ మళ్ళీ కాగిన నూనె అన్నవి వేరే బెడద, దాన్ని దీంతో కలిపితే ఏ పనీ తెమలదు.

2. వారం రోజులు ఖాళీ కవర్లు పారేయకండి

ఎవర్నీ ఏమీ మానమనకండి. వంటింటి తలుపు వెనక మేకుకి ఒక గుడ్డసంచి తగిలించి, ఇంట్లో ఎవరు ఏ ప్యాకెట్ చింపినా ఖాళీ కవరు అందులో వెయ్యమనండి. బయట తిన్నవి కూడా జేబులో పెట్టుకుని తేవాలి. తిట్లు లేవు, లెక్క మాత్రమే అని ముందే చెప్పండి. లేకపోతే పిల్లలు కవర్లు మహేంద్రతనయ నదిలో కలిపేసి వస్తారు.

ఆదివారం మా ఇంట్లో వీధరుగు మీద సంచి బోర్లిస్తే 41 కవర్లు తేలాయి. గుంటలే (పిల్లలే) తింటున్నారని నేను వాళ్ళ మీద కేకలేస్తూ ఉండేదాన్ని. తీరా చూస్తే వాళ్ళవి 11. టీలోకి తినే బిస్కెట్లవి 19, వాటిలో సగం పైన మా అత్తయ్యవి, మిగతావి నావీ మా ఆయనవీ. నూడుల్స్ 5, కూల్‌డ్రింకు సీసాలు 4, సాసులూ సూపులూ 2. అత్తయ్య ఆ కుప్ప వంక కాసేపు చూసి, "నావేనేటి ఇన్ని?" అంది. అంతే, ఆ తర్వాత ఎవరికీ ఏమీ నచ్చజెప్పాల్సిన పని పడలేదు.

కుప్ప పోశాక చూడాల్సినవి:

- ఏ రకం ఎక్కువ ఉంది?
- ఏ వేళకి చింపుతున్నారు? పొద్దున్న టీ, బడి నుంచి వచ్చాక, రాత్రి టీవీ ముందు?
- ఎవరు కొంటున్నారు? ఇది రాసుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది.
- వారానికి ఎంత డబ్బు?

3. ప్యాకెట్ వెనక చదవడం: అక్షరాలు రాకపోతే అంకెలు చదవండి

మన ఇళ్ళల్లో అమ్మమ్మకి తెలుగే వచ్చు, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ప్యాకెట్ ఇంగ్లీషులో ఉంటుంది. కాబట్టి చదవడం మనవల్ల కాదని వదిలేస్తాం. అంకెలు మాత్రం ఇంటిల్లిపాదికీ వచ్చు. అక్కడ పట్టుకోండి.

మొదట సరుకుల జాబితా. ఏది ఎక్కువ వేశారో అది ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. మొదటి మూడింటిలో మైదా, పంచదార, పామాయిల్ కనిపిస్తే, ముందువైపు ఎంత పెద్ద గోధుమకంకి బొమ్మ వేసినా అది మైదా, పంచదార, పామాయిలే. "చోళ్ళ బిస్కెట్" అన్నదాన్ని తిప్పి చూడండి, చోడిపిండి ఎన్నో స్థానంలో, ఎంత శాతం ఉందో అక్కడే రాసి ఉంటుంది.

తర్వాత మూడంకెల సంఖ్యలు. ఇవి కలిపిన రసాయనాల గుర్తులు. 621, 627, 631, 635 రుచి పెంచేవి. 322, 471 నూనెనీ నీటినీ కలిపి ఉంచేవి. 102, 110 రంగులు. 950, 951, 955 పంచదార బదులు వేసే తీపి. ఈ సంఖ్య ఉంటే విషమని ఎవరైనా అంటే నమ్మకండి. 500 అంటే వంటసోడా, 330 అంటే నిమ్మ ఉప్పు, 100 అంటే పసుపులోని రంగు. ఇవన్నీ అనుమతి ఉన్నవే. నేను సంఖ్యల్ని వేరే పనికి వాడతాను. నాలుగైదు సంఖ్యలు వరసగా ఉన్నాయంటే ఆ వస్తువు మన పొయ్యి మీద తయారయ్యేది కాదని తెలిసిపోతుంది. మా అత్తయ్య ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని కొట్టువాడి ముందే లెక్కపెడుతుంది.

సంఖ్యలు లేకపోయినా పట్టించే పేర్లు కొన్ని ఉన్నాయి: మాల్టోడెక్స్‌ట్రిన్, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్. మొదటి మూడూ తీపికీ పిండికీ మారుపేర్లు, నాలుగోది డాల్డా జాతి. బడికెళ్ళే పిల్లవాడి చేత ఈ నాలుగూ ఇంగ్లీషులో ఒక అట్టముక్క మీద రాయించి, కొట్టుకెళ్ళే సంచిలో పడేయండి.

చివరికి పోషకాల పట్టిక. ఇందులో రెండే వరసలు చూడండి.

*సోడియం.* పట్టికలో ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే సుమారు ఒక టీ చెంచా. 100 గ్రాములకి సోడియం 1000 మిల్లీగ్రాములు అని రాసి ఉన్న నూడుల్స్ ప్యాకెట్ 70 గ్రాములది అనుకోండి. అందులో సోడియం 700. రెండున్నరతో హెచ్చిస్తే 1750 మిల్లీగ్రాములు, అంటే ఒకటిముప్పావు గ్రాముల ఉప్పు. రోజంతటికీ సరిపడేదాంట్లో మూడోవంతు సాయంత్రం నాలుగింటికే అయిపోయింది, అన్నంలోకి పచ్చడి ఇంకా రాలేదు.

*కలిపిన చక్కెర.* 5 గ్రాములు ఒక చెంచా అనుకోండి. 100 మిల్లీలీటర్లకి 11 గ్రాములున్న కూల్‌డ్రింకు పావులీటరు తాగితే 27 గ్రాములు దాటింది. ఐదు చెంచాల పైన. రోజుకి 25 గ్రాములు మించకపోతే మంచిదంటున్నారు.

ఒక మోసం గమనించండి. కొన్ని ప్యాకెట్ల మీద "ఒక వడ్డనకి" అని లెక్క రాసి, ఆ వడ్డన రెండు బిస్కెట్లే అంటారు. రెండు బిస్కెట్లతో ఆగినవాణ్ణి నేనింకా చూడలేదు. 100 గ్రాముల వరసే చూడండి.

బేకరీలో విడిగా అమ్మే బిస్కెట్లు, రస్కులకి ఈ పట్టికే ఉండదు. "మన ఊళ్ళో చేసినవే కదా" అని మొహమాటపడకుండా డాల్డా వేశారా అని అడగండి.

4. ఏది ముందు, ఏది తర్వాత

అన్నీ ఒకేసారి మాన్పిస్తే పదిరోజులకి అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి. రెండేసి వారాలకి ఒక్కటి.

- 1, 2 వారాలు: తాగేవి. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు. ద్రవంగా వెళ్ళే చక్కెర కడుపు నింపదు కాబట్టి ఇది మానితే ఆకలి పెరగదు. అందుకే మొదలు.
- 3, 4 వారాలు: టీలోకి బిస్కెట్లు. పెద్దవాళ్ళ వంతు. వాళ్ళు మానడం పిల్లలు చూడాలి.
- 5, 6 వారాలు: బడి నుంచి వచ్చాక చింపే ప్యాకెట్.
- 7, 8 వారాలు: నూడుల్స్, పాలలో కలిపే పొడులు. అమ్మలకి ఇదే కష్టం, ఎందుకంటే పొద్దున్న హడావిడిలో అదే ఆదుకుంటోంది. "హెల్త్ డ్రింక్" అన్న మాటకి మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదని 2024లో కేంద్రమే చెప్పి, ఆన్‌లైన్ అంగళ్ళను ఆ విభాగం నుంచి ఇలాంటి పానీయాలు తీసెయ్యమంది. గిల్టీ పడకుండా మానెయ్యొచ్చు.

5. బదులు చేతిలో లేకుండా దేన్నీ మాన్పించకండి

మొత్తం పనిలో అసలు మెట్టు ఇదే. నాలుగున్నరకి గుంట బడి నుంచి వచ్చి "అమ్మా ఏటుంది?" అంటే ఐదు నిమిషాల్లో పళ్ళెంలో ఏదో పడాలి. పడకపోతే వీధి చివర కొట్టు తెరిచే ఉంటుంది.

*టీ బిస్కెట్‌కి బదులు:* వేరుశనగలు దోరగా వేయించి సీసాలో పోసి టీ గిన్నె పక్కనే ఉంచండి. గట్టుకి అవతల ఉంటే ఎవరూ తియ్యరు. పళ్ళు లేనివాళ్ళకి పుట్నాలపొడిలో కాస్త బెల్లం.

*మురీ మిక్చర్:* మురీలు (మరమరాలు) రెండు గుప్పిళ్ళు, వేయించిన వేరుశనగలు, ఉడికించిన సెనగలు, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మరసం, చిన్న చెంచా ఆవనూనె. తినేముందే కలపాలి, ముందే కలిపి ఉంచితే బురద అయిపోతుంది. మురీలు వానాకాలం మెత్తబడతాయి. ఉత్తి మూకుట్లో రెండు నిమిషాలు తిప్పితే మళ్ళీ కరకరలాడతాయి. ఉత్త మురీలే గిన్నెడు పెట్టకండి, అవి తొందరగా అరిగి రక్తంలో చక్కెర పెంచుతాయి. సెనగలు, పల్లీలు కలిస్తేనే కడుపులో కాసేపు ఆగుతాయి.

*ఉలవ గుగ్గిళ్ళు:* ఆదివారం రాత్రి అరకిలో నానబెట్టండి. పది పన్నెండు గంటలు నానాలి, తక్కువైతే ఎన్ని కూతలు వచ్చినా రాయిలాగే ఉంటాయి. కుక్కర్లో ఆరు కూతలు. ఉడికిన నీళ్ళు చారుకి తీసుకోండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. రోజూ సాయంత్రం ఒక గరిటెడు తీసి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపులో వేడిచేస్తే చాలు.

*పాలలో కలిపే పొడికి బదులు ఛతువా (వేయించిన గింజల పిండి):* అంగన్‌వాడీలో ఇచ్చేది అందరికీ తెలిసిందే. ఇంట్లో అయితే పుట్నాలు రెండు గ్లాసులు, గోధుమలు ఒక గ్లాసు, వేరుశనగలు అర గ్లాసు. గోధుమలు చిటపటలాడేదాకా వేయించాలి, లేకపోతే పచ్చివాసన. చల్లారాకే మర ఆడించండి, వేడిగా పడితే ముద్దకడుతుంది. వేరుశనగలున్నాయి కాబట్టి ఇరవై రోజులకి మించి చెయ్యొద్దు, చమురు వాసన వస్తుంది.

*చోడి అంబలి:* రాత్రి అర గ్లాసు చోడిపిండి ఒక గ్లాసు నీళ్ళలో కలిపి మూతపెట్టి వదిలెయ్యండి. పొద్దున్న నాలుగు గ్లాసుల నీళ్ళు మరిగించి గుప్పెడు బియ్యపు నూక ఉడికించాక, పులిసిన పిండి సన్నధారగా పోస్తూ కలుపుతూ ఉండాలి. ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు. పది నిమిషాలకి నిగనిగలాడుతూ దగ్గరపడుతుంది. ఆరాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. నలుగురికి సరిపోతుంది. కొత్త తరం పిల్లలు మొదటి గుక్కకి మొహం చిట్లిస్తారు. నంజుకోవడానికి ఆవకాయ ముక్క పెట్టండి, సర్దుకుంటారు. ఎండాకాలం తరవాణి, పఖాల లాంటి పులిసిన చద్దన్నాలు ఎలాగూ ఉన్నాయి.

*కూల్‌డ్రింకుకి బదులు:* మజ్జిగ, నిమ్మనీళ్ళు. డబ్బా జ్యూసు కన్నా పండు మేలు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు మాత్రం తీపి పానీయాలతో సరిపెట్టకండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొడి వేరే వస్తువు, అదే కావాలి.

ఆదివారం అరగంటలో అయిపోవాల్సినవి:

- వేరుశనగలు వేయించి సీసాలో పోయడం
- ఉలవలో సెనగలో నానబెట్టడం
- మురీల డబ్బా మూత సరిగా పడుతోందో చూడటం
- చోడిపిండి వారానికి సరిపోతుందో లేదో చూసుకోవడం

చోళ్ళకి ఈ వైపు ఇబ్బంది లేదు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ అనే ప్రభుత్వ చిరుధాన్యాల పథకం మొదలైంది, సంతలో కొండవాళ్ళు తెచ్చేవి మరీ బాగుంటాయి. ఇసుక ఎక్కువ కాబట్టి నాలుగు నీళ్ళు కడిగి ఎండబెట్టి మర ఆడించండి.

6. కొట్టు దగ్గర

రెండో మెట్టులో ఎవరు కొంటున్నారని రాసుకున్నారు కదా. మా ఇంట్లో మా ఆయన. పాతపట్నం నుంచి బండి మీద వస్తూ, పిల్లలకి ఉత్తచేతులతో కనిపించడం ఇష్టంలేక రెండు ప్యాకెట్ల దండలు కొనేవారు. ఆయన్ని మానమనలేదు, అరటిపళ్ళు తెమ్మన్నాను. చేతిలో ఏదో ఉండాలి, అంతే.

చీటీ లేకుండా కొట్టుకెళ్ళొద్దు. ఆకలి మీద అసలే వెళ్ళొద్దు. "రెండు కొంటే ఒకటి ఉచితం" అన్నది ఎక్కువగా నాలుగో వర్గం వాటికే ఉంటుంది, కందిపప్పుకి ఎప్పుడైనా చూశారా?

చుట్టాలు తెచ్చే బిస్కెట్లు, మిక్చర్లు మొహం మీద వద్దనకండి. తీసుకుని ఆ రోజే పళ్ళెంలో పోసి అందరికీ పెట్టేయండి, అటకెక్కిస్తే వారం రోజుల సరుకవుతుంది. రథయాత్ర రోజు, పండగ రోజు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి.

7. షుగర్, బీపీ మందులు వాడుతున్నవాళ్ళు ఇది తప్పక చదవండి

- ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే తీపి, పిండి ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. ముందు డాక్టరుకి చెప్పి మోతాదు చూపించుకోండి.
- షుగర్ అలా పడిపోతున్నట్టు అనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. 951, 955 వేసిన తీపి అప్పుడు పనికిరాదు.
- "లో సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు అడక్కుండా వాడొద్దు.
- అంబలి తాగితే షుగర్ పెరగదన్నది నిజం కాదు. మెత్తని పిండి జావ తొందరగానే అరుగుతుంది. ఒక గ్లాసు చాలు, పక్కన గుగ్గిళ్ళు గానీ గుడ్డు గానీ ఉండాలి.

8. ఎక్కువమంది చేసే పొరపాట్లు

*మల్టీగ్రెయిన్, డైజెస్టివ్ అని రాసినవాటికి మారడం.* వెనక తిప్పండి. చాలాసార్లు అదే పిండి, అదే నూనె, ధర మాత్రం రెట్టింపు.

*రోజూ ఇంట్లో జంతికలు వండటం.* ఫ్యాక్టరీది కాదు గానీ నూనె నూనే. వారానికి ఒకసారి చాలు.

*పిల్లలకి మాన్పించి, వాళ్ళు పడుకున్నాక పెద్దవాళ్ళు తినడం.* చప్పుడు వినిపిస్తుంది. ఒకసారి దొరికిపోయాను కాబట్టి చెబుతున్నాను.

*బహుమతిగా ప్యాకెట్ ఇవ్వడం.* "లెక్కలు చేస్తే చాక్లెట్ కొంటాను" అంటే ఇంట్లో దాని పరువు పెంచినట్టే. బదులుగా సాయంత్రం ఏం చెయ్యాలో వాళ్ళనే ఎంచుకోమనండి.

*ప్రయాణం మరిచిపోవడం.* నౌపడ–గుణుపురం రైలెక్కితే కిటికీ దగ్గరికే ప్యాకెట్లు వస్తాయి. బయల్దేరేముందు అటుకులు వేయించుకుని డబ్బాలో పెట్టుకోకపోతే ఎవరు మాత్రం ఆగుతారు?

9. ఎంతవరకు వచ్చామో చూసుకోవడం

మొదటి రోజే నడుము చుట్టుకొలత బొడ్డు దగ్గర టేపుతో కొలిచి రాసుకోండి. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే మన దేశంవాళ్ళకి ఎక్కువ కిందే లెక్క. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది కాబట్టి మూడు నెలల లోపు మళ్ళీ చేయించడం డబ్బు దండగ. అది 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు, 6.5 నుంచి వచ్చేసినట్టు.

ఎనిమిదో వారం అయ్యాక అదే మేకుకి అదే సంచి మళ్ళీ తగిలించండి. మా ఇంట్లో రెండోసారి 14 కవర్లు వచ్చాయి. తొమ్మిది అత్తయ్యవే. ఆవిడకి 78 ఏళ్ళు, షుగర్ లేదు, బీపీ లేదు, రాత్రి అన్నం కూడా సరిగ్గా తినదు. ఆ టీ బిస్కెట్ జోలికి నేను వెళ్ళలేదు.